నడవమన్నాను, ఎంత నడవాలో చెప్పలేదు

(గుండె జబ్బు ఉన్నవారి కోసం, వారి కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక హృద్రోగ వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. గుండె డాక్టరు మాట్లాడుతుంటే ముందు వరుసలో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు, నాకు తెలుసు. లోపలికి వస్తూ వరండాలో ఆ కొసన ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఈ కొసన ఒకటి, మధ్యలో సుద్దముక్కతో గీసిన గీతలు చూసే ఉంటారు. పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడి వదిలేశారనుకుని ఒకాయన తుడిపించబోయారట. తుడిపించకండి. అవి మీకోసమే, ఎందుకో చివర చెబుతాను.

ముందుగా ఒక పని చేద్దాం. మందుల చీటీ వెంట తెచ్చుకోమని కబురు పెట్టాము కదా, బయటికి తీయండి. కళ్లజోడు మరిచినవారు పక్కవారి చేత చదివించుకోండి. ఏమని ఉంది? ఆస్పిరిన్ 75. అటోర్వాస్టాటిన్ 40, రాత్రిపూట. మెటోప్రొలాల్ 25, లేకపోతే 50. ప్రతి మందుకూ పేరుంది, ఎన్ని మిల్లీగ్రాములో ఉంది, తిన్నాకనా తినకముందా, ఎన్ని పూటలో ఉంది. ఇప్పుడు అన్నిటికన్నా కింద చూడండి. ‘ఉప్పు తగ్గించాలి. నడవాలి.’ అంతే! ఎంత నడవాలి? ఎంత వేగంగా? వారానికి ఎన్ని రోజులు? ఆయాసం వస్తే ఆగాలా, సాగాలా? ఏమీ లేదు. నేను రేపు ‘ఆస్పిరిన్ వాడాలి’ అని మాత్రమే రాసి పంపిస్తే మందుల షాపతను ఊరుకుంటాడా? ఎంత డోసు, ఎన్ని మాత్రలు అని అడగడూ? మరి నడక దగ్గర ఎవరూ ఎందుకు అడగరు? మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఎవరి మీదో నేరం మోపడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ ‘నడవాలి’ అనే ముక్క చాలా ఏళ్లు నా చేత్తో నేను రాసిందే.

నా పొరపాటు నాకు చూపించిన మనిషి ఒకరున్నారు. పేరు వద్దు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. గుండెపోటు వచ్చింది, వేళకు తీసుకొచ్చారు, స్టెంటు వేశాం, నాలుగో రోజు ఇంటికి పంపించాం. మూడు నెలలకు మళ్లీ వచ్చారు. ఈసీజీ బాగుంది. ఎకో, అంటే గుండె స్కానింగు, బాగుంది. పంపింగ్ 50 శాతం ఉంది, అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో సగం బయటికి తోస్తోంది, అది ఫరవాలేదు. మనిషే బాగాలేరు. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, మూలుగుతూ లేచారు. పంచె కాస్త పైకి జరిగితే పిక్కలు కనిపించాయి. కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన కాళ్లు అవి. కండ కరిగిపోయి తోలు వేలాడుతోంది. ‘నడుస్తున్నారా?’ అన్నాను. ఆయన భార్య వైపు చూశారు. ‘గుండె బలహీనపడింది కదండీ, నేనే మంచం దిగనివ్వడం లేదు. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తున్నాను’ అన్నారు ఆవిడ, నేను మెచ్చుకుంటానని. మెట్లెక్కే పని లేకుండా కొడుకు మంచాన్ని కింది గదికి మార్పించాడట. ఆ ఇంట్లో అందరూ కలిసి, ఎంతో ప్రేమగా, ఆయన కాళ్లను చంపేశారు. నేను రాసిన ‘నడవాలి’ అక్కడ ఎవరికీ వినపడలేదు. ఎలా వినపడుతుంది? దాంట్లో అంకె లేదు కదా.

మంచం దింపడానికి పట్టిన కాలం

ఆ ఇల్లాలిని ఏమీ అనకండి. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు చేసిందే ఆవిడ చేసింది. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం మీదే. ఊరికే పడుకోవడం కూడా కాదు, అన్నం ఇంకొకరు తినిపించాలి, పక్కకు తిరగాలన్నా ఇంకొకరు తిప్పాలి. ఎందుకు? గుండె కండరం దెబ్బతిన్నచోట మచ్చ కట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా కదిలితే అక్కడ చిరుగుతుందేమోనని భయం. భయం అర్థమయ్యేదే. కానీ అలా పడుకోబెట్టినవారిలో కొందరికి కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసేది. గుండె వదిలిపెట్టినా మంచం వదిలిపెట్టలేదన్నమాట.

బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ఎదిరించారు. ఎంత విప్లవం తెచ్చారో తెలుసా? రోగిని మంచం మీద నుంచి చేతుల కుర్చీలోకి మార్చారు. అంతే. 81 మంది రోగులను అలా కూర్చోబెట్టి, వచ్చిన ఫలితాలను 1952లో ప్రకటించారు. కుర్చీలో కూర్చోబెట్టడానికే వైద్యలోకంలో అంత గొడవ జరిగింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనకు వైద్యం చేసిన పాల్ డడ్లీ వైట్ నడకను, సైకిలును గట్టిగా నమ్మిన మనిషి. ఐసన్‌హోవర్ కోలుకుని, మరుసటి ఏడాది మళ్లీ ఎన్నికల్లో నిలబడి గెలిచి, గోల్ఫు ఆడుకుంటూ తిరిగారు. గుండెపోటు వచ్చిన మనిషి దేశాన్ని ఏలవచ్చునట, మన కండక్టరు గారు మాత్రం పెరట్లోకి కూడా వెళ్లకూడదా?

ఇంకా వెనక్కి పోతే మరో ముచ్చట ఉంది. నడిస్తే ఛాతీలో పట్టేసే నొప్పి, ఆగితే తగ్గే నొప్పి, దాన్ని ఆంజైనా అంటాం కదా. ఆ నొప్పిని మొదట స్పష్టంగా వర్ణించింది విలియం హెబర్డెన్ అనే లండన్ వైద్యుడు, పద్దెనిమిదో శతాబ్దంలో. ఆయన రాతల్లో ఒకే ఒక్క వాక్యం. ఆ నొప్పి ఉన్న ఒకతను రోజూ అరగంట రంపంతో కట్టెలు కోయడం పనిగా పెట్టుకున్నాడని, దాదాపు నయమైపోయిందని. చూడండి, పని పేరు ఉంది, అరగంట అని ఉంది, రోజూ అని ఉంది. నా చీటీ కన్నా ఆయన వాక్యమే నయం!

ఇక మంచం మనిషిని ఏం చేస్తుందో లెక్కగట్టినవారి సంగతి. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లను మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. అందరూ ఇరవై ఏళ్లవారు. శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందు కొలిచారు, తరువాత కొలిచారు. నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ ఐదుగురినీ ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ పిలిచి కొలిచారు. అప్పటికి యాభై దాటారు, ఒళ్లు చేశారు. అయినా ముప్పై ఏళ్ల వయసు లాక్కున్నదాని కన్నా ఆ మూడు వారాల మంచం లాక్కున్నదే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రవాడి గతే అది. అరవై దాటిన మనిషిని మూడు నెలలు పడుకోబెడితే? పిక్కలు చూశాను కదా, నాకు జవాబు తెలుసు.

కండక్టర్ల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవారిని పరిశీలించాడు. ఒకే బస్సు, ఒకే తరగతి మనుషులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో ప్రకటించిన ఆ లెక్కల్లో డ్రైవర్ల కన్నా కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ, వచ్చినా కాస్త ముదిరిన వయసులో, వచ్చినా ప్రాణాపాయం తక్కువ. అయితే మోరిస్ నిజాయతీపరుడు. లావుగా ఉన్నవారే డ్రైవరు ఉద్యోగానికి వచ్చారేమోనని అనుమానించి యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తిరగేశాడు. నిజంగానే డ్రైవర్ల నడుములు పెద్దవి. నడుము ఎలా ఉన్నా సరే, కండక్టర్లకే మేలు అని లెక్క మళ్లీ తేల్చింది. ఆయన 99 ఏళ్లు బతికాడు, 2009లో పోయాడు. ఈ కథ మా కండక్టరు గారికి చెబితే ఏమన్నారో తెలుసా? ‘అయితే సార్, ముప్పై ఏళ్లు చేసిన నాకెందుకు వచ్చింది?’ మంచి ప్రశ్న. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు, పదేళ్లుగా షుగరు. నడక ఒక మందు మాత్రమే, తాయెత్తు కాదు అని చెప్పాను.

మరి ఆ మందు లోపల ఏం చేస్తుంది? చాలామంది గుండె ‘బలపడుతుంది’ అనుకుంటారు. నిజానికి సగం మేలు కాళ్లలో జరుగుతుంది. అలవాటు పడిన కండరం వచ్చిన రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ పిండుకుంటుంది. అప్పుడు అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. మొన్నటిదాకా రెండో అంతస్తులో వచ్చే నొప్పి మూడో అంతస్తుకు పోతుంది, తరువాత రాకుండా పోతుంది. రక్తం వేగంగా పారుతుంటే రక్తనాళం లోపలి పొర కూడా మెత్తబడి సాగుతుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో నిలకడైన ఆంజైనా ఉన్న 101 మంది మగవారిని తీసుకుని, కొందరికి స్టెంటు వేశారు, కొందరి చేత రోజూ సైకిలు తొక్కించారు. 2004లో ఫలితం చెప్పారు. ఏడాదిలో ఏ ఆపదా లేకుండా గడిపినవారు సైకిలు జట్టులో 88 శాతం, స్టెంటు జట్టులో 70 శాతం.

ఆగండి, ఆగండి. ఇది విని రేపు ఎవరూ నా దగ్గరకు వచ్చి ‘స్టెంటు వద్దు, సైకిలు కొనుక్కుంటాను’ అనకండి. అది చిన్న అధ్యయనం, ఎంచిన రోగులు, నిలకడగా ఉన్న జబ్బు. గుండెపోటు వస్తున్న వేళ మూసుకున్న నాళాన్ని తెరవడానికి నడక పనికిరాదు, అప్పుడు ప్రతి నిమిషమూ ఆసుపత్రిదే. నేను చెప్పేది ఆ తరువాతి ఇరవై ఏళ్ల గురించి.

ఇక చీటీ రాద్దాం

ఎవరికైతే స్టెంటు వేసి, ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి పంపించారో వారి సంగతి మొదట. మొదటి వారం ఇంట్లోనే, చదునైన నేల మీద, ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. వాచీ పెట్టుకునే నడవండి. రెండో వారం నుంచి ప్రతి విడతకూ కొన్ని నిమిషాలు కలపండి. దూరం గురించి, అడుగుల గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకే విడతలో ముప్పై నిమిషాలు, వారానికి ఐదు రోజులు, అంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క కూడా అదే. అక్కడికి చేరలేకపోయారా? ఇరవై దగ్గర ఆగారా? సున్నాకు, ఇరవైకి ఉన్న తేడా ఇరవైకి, ముప్పైకి ఉన్న తేడా కన్నా చాలా పెద్దది.

మధ్యలో ఈ పదివేల అడుగుల గురించి ఒక మాట. మీ అబ్బాయి చేతికి గడియారం కట్టి ‘నాన్నా, పదివేలు కావాలి’ అంటున్నాడు కదా. ఆ అంకె ఏ గుండె పరిశోధనలోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్ముతూ దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అమ్మకం కోసం పెట్టిన పేరు మనకు శాసనమై కూర్చుంది.

ఎంత గట్టిగా నడవాలి? ఇదే అసలు చిక్కు. 220లోంచి వయసు తీసేసి, దాంట్లో ఇంత శాతం నాడి ఉండాలని ఎక్కడో చదివి ఉంటారు. మీలో ఎంతమంది మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకుంటున్నారు? చూశారా, దాదాపు అందరూ. ఆ మాత్ర పనే నాడిని పెరగనివ్వకపోవడం. ఆ లెక్క పట్టుకుని పరుగెత్తితే నాడి పెరగదు, మీరు ఆగరు, కింద పడతారు. నాడి క్రమం తప్పి కొట్టుకునేవారికైతే అసలే పనికిరాదు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి ఉంటే, దాన్ని చూసి మీ డాక్టరు మీకు విడిగా అంకె చెబుతారు. లేకపోతే మాట పరీక్ష పెట్టుకోండి. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే నడక చాలలేదు. రెండు మాటలకొకసారి ఊపిరి పీల్చుకోవలసి వస్తే ఎక్కువైంది. స్వీడన్‌కు చెందిన బోర్గ్ అనే ఆయన దీనికే 6 నుంచి 20 దాకా ఒక కొలత పెట్టాడు. ఆరు అంటే కుర్చీలో కూర్చున్నట్టు, ఇరవై అంటే ఇక ప్రాణం పోతుందన్నట్టు. మీరు పదకొండుకూ పదమూడుకూ మధ్య ఉండాలి. ‘కాస్త కష్టంగానే ఉంది, కానీ ఇలా ఇంకొంత దూరం పోగలను’ అనిపించే చోటు అది.

మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా. మొదటిది అందరూ ఒప్పుకుంటారు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పార్కులో జోరుగా నాలుగు చుట్లు తిరుగుతారు, టీ బండి దగ్గర స్నేహితుడు కనబడగానే టక్కున ఆగుతారు. నడిచేటప్పుడు తెరుచుకున్న కాళ్ల రక్తనాళాలు ఇంకా తెరుచుకునే ఉంటాయి, రక్తం కిందే నిలిచిపోతుంది, తలకు చాలదు, కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవారికి మరీను. స్నేహితుణ్ణి కూడా మెల్లగా రెండు వందల అడుగులు నడిపించి, తరువాత టీ తాగండి. పంచదార లేకుండా.

బైపాస్ అయినవారు చేతులెత్తండి. మీకు చీటీ కొంచెం వేరు. కాళ్లకు ఏ అడ్డూ లేదు, నడవండి. జాగ్రత్త అంతా రొమ్ము ఎముకకే. కోసి తీగతో కట్టిన ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, గట్టిపడటానికి మూడు నెలలు. అప్పటిదాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దు. నిండు బిందె వద్దు, మనవణ్ణి చంకనెత్తుకోవద్దు, బోరింగు కొట్టవద్దు, స్కూటరు వద్దు. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకుండా, పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండును ఛాతీకి హత్తుకుని దగ్గండి. ఎముక దగ్గర ‘కటుక్కు’మని కదిలినట్టు అనిపిస్తే ఆ రోజే చూపించండి. కండరాలకు బలం ఇచ్చే పని అక్కర్లేదా అంటే, కావాలి, వారానికి రెండు రోజులు. దానికి జిమ్ముకు వెళ్లనక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, పదిసార్లు లేచి కూర్చోండి. లేచేటప్పుడు ‘ఒకటి, రెండు’ అని పైకి లెక్కపెట్టండి. లెక్క మన తెలివి చూడటానికి కాదు, మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టలేరు. ఊపిరి బిగబట్టి బలం చేస్తే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఈ మాట నిండు గ్యాస్ సిలిండరు జరిపే దగ్గరా వర్తిస్తుంది, మలబద్ధకం ఉన్నవారికీ వర్తిస్తుంది. నవ్వకండి, నిజం చెబుతున్నాను.

ఇప్పుడు ఆడవారితో మాట్లాడాలి. ఇందాక చేతులెత్తినవారిలో ఆడవారు చాలా తక్కువ. మీకు గుండె జబ్బు లేక కాదు. నడకకు వెళుతున్నారా అని అడిగితే ఒకటే జవాబు: ‘ఇంట్లో పొద్దున్నుంచి నిలబడే ఉంటాను కదండీ, అదే వ్యాయామం.’ నిలబడటం అలసట ఇస్తుంది, గుండెకు కావలసిన మందు ఇవ్వదు. పొయ్యి దగ్గర రెండు నిమిషాలు, సింకు దగ్గర ఐదు నిమిషాలు, మళ్లీ పొయ్యి దగ్గరకు. ఒక్కసారైనా పది నిమిషాలు వరుసగా ఊపిరి వేగం పెరిగిందా? లేదు. మగవారికి ఆపరేషనైతే మంచం దిగనివ్వని ఇళ్లలోనే, ఆడవారికైతే పదో రోజున వంటింట్లో నిలబెట్టడం నేను చూశాను. రెండూ తప్పే. ఇంటి పని లెక్కలో వేయకుండా, మీ ముప్పై నిమిషాలు మీవిగా తీసుకోండి. ఆ అరగంట కుక్కరు కూతలు ఇంకెవరైనా లెక్కపెడతారు.

పంపింగ్ తగ్గినవారి సంగతి. ‘ముప్పై శాతమే ఉందన్నారు, నడిస్తే ఆ కాస్తా అరిగిపోదా?’ అంటారు. గుండె చెప్పుల జత కాదు, అరగదు. పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 2,331 మందితో ఒక పెద్ద పరీక్ష చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామం వారికి ప్రమాదం కాలేదు, బతుకు తీరు మెరుగైంది. అయితే నిలకడగా ఉన్నప్పుడే. రోజూ పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకి ముందు బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజు నడక మాని డాక్టరుకు ఫోను చేయండి.

ఎప్పుడు మానాలో కూడా చీటీలో ఉండాలి కదా. కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తుంటే, మునుపటి కన్నా తక్కువ నడకకే వస్తుంటే, జ్వరం ఉంటే, పాదాలు ఉబ్బితే, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తే, బీపీ 180 దాటి ఉంటే, నడక వద్దు. బృహద్ధమని కవాటం (అయోర్టిక్ వాల్వ్) బాగా ఇరుకైందని ఎకోలో రాసి ఉన్నవారు మమ్మల్ని అడగకుండా మొదలుపెట్టవద్దు. నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడలోకో ఎడమ చేతిలోకో లాగడం, చల్లని చెమట, కళ్లు తిరగడం, ఇవి వస్తే అక్కడే ఆగి కూర్చోండి. కూర్చున్నాకే, ఛాతీ నొప్పికని మీకు రాసిచ్చిన సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ ఎదురుచూసేవారిని చాలామందిని చూశాను. సోడా బండి దగ్గర పోయిన గంట ఆసుపత్రిలో తిరిగి రాదు.

మన ఎండల గురించి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక నడవకండి. నీరు తీసే మాత్ర వేసుకునేవారికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. చలికాలంలో మంచు పూర్తిగా విడిచాక బయలుదేరండి. భోజనమయ్యాక కనీసం గంటన్నర ఆగండి. షుగరు ఉన్నవారు పరగడుపున ఇన్సులిన్ వేసుకుని నడకకు పోవద్దు, జేబులో నాలుగు చాక్లెట్లు ఉండాలి. కాళ్లకు మెత్తటి బూట్లు, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి.

మొహమాటంతో అడగని ప్రశ్నలు

మొదటిది నేనే అడిగి నేనే చెబుతాను. భార్యాభర్తల మధ్య ఎప్పటినుంచి? పెద్దలున్నారని తల వంచుకోకండి, ఇది అడగలేక ఎంతమంది దంపతులు ఏళ్ల తరబడి భయంతో దూరంగా ఉండిపోయారో నాకు తెలుసు. రెండు అంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కి, నొప్పి గానీ విపరీతమైన ఆయాసం గానీ రాకపోతే, గుండెకు ఆ శక్తి ఉన్నట్టే. ఒక్క హెచ్చరిక: అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మాత్రలు ఒకరి ఒంట్లో కలవకూడదు. బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. షాపులో గుట్టుగా కొనకుండా డాక్టరును అడగండి.

రెండోది యోగా. గుండెపోటు వచ్చినవారికి యోగాతో శిక్షణ ఇచ్చి, మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, 3,959 మందితో పరీక్షించారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, పనుల్లోకి బాగా తిరిగి వెళ్లారు. నేనైతే నడకతో పాటు చేయమంటాను, నడకకు బదులుగా చేయమనను. తలకిందుల ఆసనాలు, ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం వద్దు.

మూడోది నెలకు ఒకరైనా అడిగేది. ‘తిరుమల కొండ నడిచి ఎక్కుతానని మొక్కుకున్నాం.’ ఎవరు మొక్కుకున్నారు అంటాను. చాలాసార్లు రోగి కాదు, ఆపరేషను గది బయట నిలబడి వాళ్ల అక్కగారు మొక్కుకుని ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గుండె జబ్బులున్నవారు కాలినడకన రావద్దని దేవస్థానమే సూచిస్తుంది. మొదటి మూడు నెలలు ఆ మాటే ఎత్తవద్దు. తరువాత ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుండి, వారానికి 150 నిమిషాల నడక మూడు నాలుగు నెలలు తప్పకుండా సాగి, మూడంతస్తులు ఆగకుండా ఎక్కగలిగితే రండి, మాట్లాడుకుందాం. లేదంటే మొక్కుకున్న అక్కగారినే నడిపించండి, మీరు బస్సులో వెళ్లి పైన కలుసుకోండి. స్వామికి ఏ అభ్యంతరమూ ఉండదని నా నమ్మకం.

సరే, వరండాలో కుర్చీల సంగతి. ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి 30 మీటర్లు, ప్రతి మూడు మీటర్లకూ ఒక గీత. ఆరు నిమిషాల్లో మీరు ఎంత దూరం నడవగలరో చూస్తాం. ఇది పందెం కాదు, పరుగు లేదు. అలసిపోతే ఆగవచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. మా కండక్టరు గారు మొదటిసారి 240 మీటర్లు నడిచి రెండుసార్లు కూర్చున్నారు. అప్పుడు ఆయన చీటీ మీద ‘నడక, 7 నిమిషాలు, రోజుకు 3 సార్లు, మాట్లాడగలిగేంత వేగం’ అని రాసి కింద సంతకం పెట్టాను. భార్యగారి చేత కూడా పెట్టించాను. మూడు నెలలకు 410 వచ్చింది. ఈమధ్య వచ్చినప్పుడు, పరీక్ష మధ్యలో వెనక్కి తిరిగి, నెమ్మదిగా నడుస్తున్న ఇంకొక పెద్దాయనతో ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అన్నారు, పాత అలవాటు.

కాబట్టి ఇప్పుడు ముందు వరుసవారు రండి. మొదట ఎడమవైపు బల్ల దగ్గర మా సిస్టరు బీపీ, నాడి చూస్తారు. గత నెల రోజుల్లో గుండెపోటు వచ్చినవారు, ఈ వారంలో ఛాతీ నొప్పి వచ్చినవారు నడవవద్దు, నా దగ్గర కూర్చోండి. మిగతావారు చెప్పులు వదలకండి, వేసుకునే నడవండి. చేతికర్ర ఉంటే చేతికర్రతోనే. మీ మీటర్లు చీటీ వెనుక రాసిస్తాం. దాన్ని పట్టుకుని నా దగ్గరకు వస్తే, ‘నడవాలి’ అన్నది కొట్టేసి, పక్కన అంకె వేసి ఇస్తాను.